వేరుసెనగలో నిధిని వెదకిన జ్ఞాని: జార్జి వాషింగ్టను కార్వరు చరిత్రము

సాయంకాలము బడి విడిచిన పిమ్మట మన బాలురు జేబులనిండ వేయించిన వేరుసెనగకాయలు పోసికొని, ఒలుచుకొని తినుచు, తొక్కలను దారిపొడవున పాఱవేయుచు ఇండ్లకు పోవుట మన మందఱము చూచుచున్నదే. వీనిని రాయలసీమలో బుడ్డలందురు, తెలంగాణమున పల్లీలందురు. పేరేదైనను, ఇంత అల్పమైన గింజను చేతబట్టుకొని, ఇందు దేవుడేమి దాచి యుంచెనో చూతమని ఒక మనుష్యుడు తన జీవితములో అనేక సంవత్సరములు గడపెను. కాయ మాత్రమే కాదు. మన బాలురు దారిలో పాఱవేయు ఆ తొక్క కూడ అతనికి వ్యర్థముగా కనబడలేదు. ఆ మనుష్యుడు బానిసగా పుట్టినవాడు. తాను పుట్టిన దినము అతడెన్నడును ఎఱుగడు. తల్లి ముఖము అతనికి జ్ఞాపకము లేదు.

అతనిని గూర్చి లోకమున వ్యాపించిన కథలు కొన్ని నిజముకంటె పెద్దవి. ఉపాధ్యాయుడనగుటచేత అట్టివానిని పిల్లలకు చెప్పుటకు నాకు మనసొప్పలేదు. వానిని విడిచినను చెప్పవలసినది చాల మిగులుచున్నది.

ఉత్తర అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిస్సోరి రాష్ట్రమున డైమండు అను చిన్న గ్రామమునకు సమీపమున మోజెసు కార్వరు అను రైతు తన భార్య సూసనుతో కాపురముండెను. వారికి బిడ్డలు లేరు. పొలముపనికిని ఇంటిపనికిని మనుష్యులు కావలసి, 1855లో అతడు మేరీ అను పదుమూడేండ్ల నీగ్రో బాలికను 700 డాలర్లకు కొనెను. పశువును కొన్నట్లే దస్తావేజు వ్రాయించుకొనెను. ఆ మేరీకి 1864 ప్రాంతమున జార్జి జన్మించెను. బానిసల బిడ్డలు పుట్టిన దినములను ఎవరును వ్రాసియుంచలేదు. కనుకనే సంవత్సరమును సహితము ప్రాంతమని చెప్పవలసి వచ్చినది. తండ్రి పొరుగు రైతుకు బానిస. బిడ్డ పుట్టిన దినములలోనే ఒక ప్రమాదమున మరణించెనని చెప్పుదురు.

అది ఉత్తర దక్షిణ రాష్ట్రములు తమలో తాము యుద్ధము చేయుచున్న కాలము. మిస్సోరి సరిహద్దు రాష్ట్రమగుటచేత దొంగల గుంపులు రాత్రులయందు గుఱ్ఱములెక్కి వచ్చి బానిసలను ఎత్తుకొనిపోయి దూరదేశమున అమ్ముకొనుచుండిరి. అట్టి గుంపొకటి ఒకరాత్రి మేరీని, ఆమె చంకలోని శిశువును పట్టుకొనిపోయెను. మోజెసు కార్వరు వారిని వెదకుటకు ఒక మనుష్యుని పంపెను. అతడు కొన్ని దినములకు తిరిగివచ్చి, కోరింతదగ్గుతో కొనయూపిరితోనున్న పసివానిని సూసను చేతిలో పెట్టెను. తల్లి జాడ తెలియలేదు. వెదకి తెచ్చినందుకు ప్రతిఫలముగా మోజెసు ఒక పందెపు గుఱ్ఱమును అతనికిచ్చెనని ఆ కుటుంబమువారు చెప్పుచుండిరి.

1865 జనవరిలో మిస్సోరి రాష్ట్రమున బానిసత్వము రద్దయ్యెను. తల్లిలేని జార్జిని, అతని అన్న జేముసును కార్వరు దంపతులు తమ యింటనే పెంచిరి. జార్జి రోగిష్ఠి బిడ్డ; పొలములో బరువుపని చేయలేడు. కావున సూసనమ్మ అతనికి వంట, కుట్టుపని, అల్లికపని, బట్టలుతుకు పని నేర్పెను. మగపిల్లవానికి ఇవియేల అని ఆ దినములలో ఎవరైనను నవ్వియుందురేమో! తరువాత ముప్పది సంవత్సరములవరకు అతని కడుపు నింపినవి ఆ పనులే. మిగిలిన కాలము అడవిలో గడపెడివాడు. చెట్ల చాటున ఒక రహస్యపు తోటను పెంచి, వాడిపోవు మొక్కలను తెచ్చి నాటి బ్రతికించుచుండెను. ఇరుగుపొరుగు స్త్రీలు తమ తెగులు పట్టిన పూలమొక్కలను వాని యొద్దకు తెచ్చి, అతనికి మొక్కల వైద్యుడని పేరు పెట్టిరి. చదువు మాత్రము ఇంటిలోనున్న ఒక పాత అక్షరమాల పుస్తకముతో ఆగిపోయెను. డైమండు గ్రామములోని బడి తెల్లవారి బిడ్డలకే. దేవుని ఆరాధన జరుగు కట్టడములోనే ఆ బడియు నడచుచుండెననునది గమనింపదగినది. మన మిషను పాఠశాలలకు మొదట వచ్చిన బిడ్డల తాతముత్తాతలకు ఈ వృత్తాంతము క్రొత్తదిగా తోచదు.

ఎనిమిది మైళ్ల దూరమున నియోషో అను పట్టణములో నల్లవారి బిడ్డలకు బడి కలదని విని, సుమారు పండ్రెండేండ్ల వయస్సున అతడు నడచిపోయి, రాత్రి ఒక కొట్టములో పండుకొనెను. తెల్లవాఱి చూడగా అది మరయా వాట్కిన్సు అను నల్లజాతి మంత్రసాని యింటి కొట్టము. ఆమెకు బిడ్డలు లేరు. నీ పేరేమని ఆమె అడుగగా, కార్వరుగారి జార్జిని అని బాలుడు చెప్పెను. ఇకమీదట అట్లు చెప్పవద్దనియు, జార్జి కార్వరు అని చెప్పవలయుననియు ఆమె దిద్దెను. కార్వరుగారి జార్జి యనిన ఒకరి సొత్తు. జార్జి కార్వరు అనిన ఒక మనుష్యుడు. ఆమె అతనికి ఒక బైబిలునిచ్చెను. వృద్ధాప్యమువరకు అతడు దానిని చదువుచుండెను.

నియోషోలోని ఉపాధ్యాయునికి తెలిసినది కొలదియే. దానిని ముగించి బాలుడు కాన్సాసు రాష్ట్రమునకు పోయెను. ఫోర్టుస్కాటు అను పట్టణములో నున్నపుడు, 1879లో, ఒక నల్లవానిని జనులు గుంపుగూడి చెఱసాలనుండి ఈడ్చుకొనివచ్చి చంపి కాల్చుటను కన్నులార చూచి, ఆ రాత్రియే ఊరు విడిచిపోయెను. అరువదేండ్లు గడచినను ఆ దృశ్యమును అతడు మఱువలేదు. అటుపిమ్మట ఊరూర తిరుగుచు, వంటచేయుచు, బట్టలుతుకుచు ఉన్నతపాఠశాల చదువు పూర్తిచేసెను. మధ్య పేరైన వాషింగ్టను అను మాటయు ఆ కాలమున చేరినదే. ఆ యూరిలో జార్జి కార్వరు అను వేఱొకడుండి ఉత్తరములు తాఱుమాఱగుచుండుటచేత ఒక అక్షరమును మధ్యను చేర్చుకొనెను.

తరువాత హైలాండు అను ఊరిలోని కళాశాలకు దరఖాస్తు పంపగా, చేర్చుకొందుమని తపాలాలో జవాబు వచ్చెను. సంతోషముతో పోయి అధ్యక్షుని ముందు నిలువగా, ఆయన ఇతని ముఖమును చూచి, నల్లవారిని చేర్చుకొనమని చెప్పి పంపివేసెను. అదియు క్రైస్తవుల కళాశాలయే. ఆ మాటను దాచుట న్యాయము కాదు. అతడు పడమటి కాన్సాసు మైదానమునకు పోయి, 1886లో ప్రభుత్వపు బీడు 160 ఎకరములు తీసికొని, గడ్డివేళ్లతో కూడిన మంటిపెళ్లలతో ఇల్లు కట్టుకొని వ్యవసాయము చేసెను. చెట్టులేని, కలపలేని, రాయిలేని ఆ దేశమున మన్నే ఇటుక, మన్నే కప్పు. అనావృష్టియు మంచుతుపానులును అతనిని అచట నిలువనీయలేదు. కాని అందుబాటులోనున్న దానితోనే అవసరము తీర్చుకొను విద్య అతనికచ్చట చేతికి వచ్చినదని నా అభిప్రాయము.

1890లో అయోవా రాష్ట్రములోని సింప్సను కళాశాల అతనిని చేర్చుకొనెను. రుసుము చెల్లించిన తరువాత చేతిలో మిగిలినది పది సెంట్లు. అయిదు సెంట్లకు మొక్కజొన్న పిండియు, అయిదు సెంట్లకు కొవ్వును కొని ఒక వారము ఆ రెంటితోనే గడపెను. తోడి విద్యార్థుల బట్టలుతికి కాలక్షేపము చేసెను. అచట చిత్రలేఖనము నేర్చెను. ఆయన వ్రాసిన మొక్కల చిత్రములను చూచి ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్డు, ఇతనికి పూవులకంటె మొక్కల ప్రాణముపై చూపు మెండుగానున్నదని గ్రహించి, తన తండ్రి పనిచేయుచుండిన ఏమ్సు పట్టణపు వ్యవసాయ కళాశాలకు పంపెను. 1891లో ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి అతడే. మొదటి దినములలో విద్యార్థుల భోజనశాలలో కూర్చుండనీయక పొలముకూలీలతో క్రింది అంతస్తున తినుమనిరి. ఈ సంగతి విని సింప్సను కళాశాల యుండిన ఊరినుండి లిస్టను అను దొరసాని రైలెక్కి వచ్చి, దినమంతయు అతనితో కలిసి తిరిగి, అతని ప్రక్కనే కూర్చుండి భోజనము చేసిపోయెను. ఆమె ఉపన్యాసమేమియు చేయలేదు. తరువాత పరిస్థితి మాఱెను.

అతడు వ్రాసిన ఒక చిత్రము 1893లో షికాగో మహాప్రదర్శనమున గౌరవము పొందెను. 1894లో బి. ఎస్. పట్టమును, 1896లో ఎం. ఎస్. పట్టమును పొంది, అదే కళాశాలలో అధ్యాపకుడయ్యెను. మొక్కలకు పట్టు బూజు తెగుళ్లను గుర్తించుటలో నిపుణుడని పేరుగాంచెను. ఆ దినములలో ఒక సహాధ్యాపకుని చిన్నకుమారుడు ఆయన వెంట పొలములలో తిరుగుచు గడ్డిజాతుల పేర్లు నేర్చుకొనుచుండెను. ఆ బాలుడు హెన్రీ వాలెసు. 1941లో అమెరికా దేశమునకు ఉపాధ్యక్షుడయ్యెను.

సుఖముగా నుండిన ఈ ఉద్యోగమును విడిచి 1896లో కార్వరుగారు అలబామా రాష్ట్రములోని టస్కీగీ విద్యాలయమునకు పోయెను. దాని స్థాపకుడు బూకరు వాషింగ్టను, తానును బానిసగా పుట్టినవాడే, ధనము గాని పదవి గాని కీర్తి గాని ఇయ్యజాలననియు, పని మాత్రమే యీయగలననియు వ్రాసి పిలిచెను. జీతము సంవత్సరమునకు 1000 డాలర్లు. మరణమువరకు, అనగా 47 సంవత్సరములు, కార్వరుగారు అచ్చటనే యుండెను.

ఇక ఆయన చూచిన దేశమెట్లున్నది? కనుచూపుమేర ప్రత్తి. ఇంటి గుమ్మమువరకు ప్రత్తి; కూరపాదుకు సహితము చోటు లేదు. బానిసత్వము పోయినను నల్లవారికి భూమి రాలేదు. భూస్వామి పొలమును పాలికి చేయుచు, విత్తనములు మొదలు ఉప్పువరకు షావుకారు నొద్ద అరువు తెచ్చుకొనుచు, పంట చేతికి రాకముందే దానిని కుదువ పెట్టుచుండిరి. షావుకారు ప్రత్తిమీదనే అప్పిచ్చును గాని వంకాయమీద ఈయడు గదా! అందుచేత ఏటేట ప్రత్తియే వేయుచు, భూసారమంతయు పీల్చివేసిన పిమ్మట ఎఱ్ఱమన్ను వానకు కొట్టుకొనిపోయి, పొలములు గండ్లుపడి యుండెను. కృష్ణా గోదావరీ తీరములనుండి రాయలసీమవరకు అప్పుచేసి పంటవేయు రైతులను ఎఱిగిన మనకు ఈ చిత్రమును విశదపఱుప నక్కఱలేదు.

రాష్ట్రప్రభుత్వము 1897లో టస్కీగీయందు ఒక వ్యవసాయ ప్రయోగక్షేత్రమును మంజూరు చేసి, సంవత్సరమునకు 1500 డాలర్లు ఇచ్చెను. తెల్లవారి కళాశాలలకిచ్చినదానితో పోల్చిన అది లెక్కలోనిది కాదు. భూమియా, పది యెకరముల పనికిమాలిన నేల. ప్రయోగశాలయా, గదియున్నది గాని గదిలో వస్తువులు లేవు. అంతట ఆయన తన శిష్యులను వెంటబెట్టుకొని పెంటకుప్పలకు పోయెను. పగిలిన సీసాలను సమముగా కోసి గాజుపాత్రలు చేసెను. పాత సిరాబుడ్డిలో దారపు వత్తి పెట్టి దీపము చేసెను. పగిలిన టీకప్పు కల్వమయ్యెను. రేకుముక్కలకు రంధ్రములు పొడిచి జల్లెడలు చేసెను. తరువాత కాలమున ధనవంతులు మంచి యంత్రములను పంపినను, పెంటకుప్ప ప్రయోగశాలనే ఆయన శిష్యులు ముసలితనమువరకు చెప్పుకొనుచుండిరి.

కొనుగోలు ఎరువులకు రైతు చేతిలో డబ్బు లేదు. కావున అడవిలో రాలిన ఆకులను, మడుగుల అడుగున నల్లగా పేరుకొనిన బురదను, పశువుల పెంటను, ఇంటి చెత్తను గుంటలలో కుళ్లబెట్టి పొలమున వేయుమని బోధించెను. 1898లో అచ్చువేసిన ఆయన మొదటి చిన్నపుస్తకము ఓకు చెట్టు కాయలను పశువులకు మేతగా వాడుటను గూర్చినది. అడవిలో రాలి మురిగిపోవు కాయలుండగా మేత కొననేల అనునది దాని సారము. ఇట్టి పుస్తకములను నలువదికి పైగా ప్రకటించెను. అందులో శాస్త్రజ్ఞునికి వేఱు మాటలు, ఉపాధ్యాయునికి వేఱు మాటలు, వంటచేయు ఇల్లాలికి వేఱు మాటలు ఉండునట్లు వ్రాయుట ఆయన పద్ధతి.

ఎరువు చాలదు, పైరు మాఱవలయును. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే యైనను ప్రత్తి వంటి పైరులు దానిని గాలినుండి తీసికొనజాలవు. అలసంద, వేరుసెనగ మొదలగు కాయధాన్యపు మొక్కల వేళ్లయందు చిన్న చిన్న బుడిపెలుండును. వానిలో కాపురముండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకాహారముగా మార్చును. విద్యార్థులారా, మన పాఠశాల తోటలో పూతకు వచ్చిన వేరుసెనగ మొక్క నొకదానిని మెల్లగా పెఱికి కడిగి చూడుడు. బుడిపెను గోటితో చీల్చిన లోపల ఎఱ్ఱగా కనబడినచో అది పనిచేయుచున్నదని తెలియును. ఈ సంగతిని కనుగొనినది కార్వరుగారు కాదు. అంతకుముందే ఐరోపాలో పండితులు నిరూపించిరి. దానిని అక్షరము రాని రైతు ఇంటి ముంగిటకు తీసికొనిపోయిన వారిలో ఆయన ముఖ్యుడు. రైతులు విద్యాలయమునకు రాలేరు గనుక విద్యాలయమే రైతుల యొద్దకు పోవలెనని, 1906లో కంచరగాడిదలు లాగు ఒక బండిని సిద్ధపఱచిరి. నాగళ్లు, విత్తనములు, వెన్నచిలుకు పరికరములు, ఎరువుల మాదిరులు దానిలో నెక్కించి పల్లెపల్లెకు పంపిరి. ధనమిచ్చిన జెసప్పు అను దాత పేరే దానికి పెట్టిరి.

ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి ప్రియమైనది మంటిరంగుల పని. నల్లవారి గుడిసెలు వెల్లయైనను లేక బూడిదవర్ణముతో కూలుటకు సిద్ధముగా నుండెడివి. రంగుడబ్బాలు కొనుటకు వారికి శక్తి లేదు. అలబామా కొండచఱియలలో తెలుపు, పసుపు, ఎఱుపు, ఊదా మొదలగు వన్నెల జిగటమన్ను విస్తారముగా కలదు. కార్వరుగారు దానిని త్రవ్వించి, నీటిలో కలిపి, ఇసుక అడుగున దిగనిచ్చి, పైనున్న మెత్తని తేటమంటిని వంచి గోడలకు పూయు విధానమును 1911లో ఒక చిన్నపుస్తకముగా అచ్చువేయించెను. ఖర్చు చేతికష్టము మాత్రమే. మన అమ్మమ్మలు ఎఱ్ఱమన్నుతో అలికి ముగ్గులు పెట్టిన గోడలను చూచినవారికి ఇది వింత కాదు. కాని దాని వెనుక రసాయనశాస్త్రము తెలిసినవాడొకడు నిలిచి, పేదవాని గోడకు అందము అవసరమని చెప్పుట మాత్రము వింతయే.

ఇంతలో మెక్సికో దేశమునుండి ఒక ముక్కుపురుగు బయలుదేఱి, ప్రత్తికాయలను తొలుచుచు టెక్సాసు మొదలుకొని తూర్పునకు సాగి 1910 ప్రాంతమున అలబామాలో ప్రవేశించెను. ఏండ్లతరబడి ఒక్క పంటనే నమ్మినవారికి అది ఐగుప్తు తెగుళ్లవలె తోచెను. వేరుసెనగ, చిలగడదుంప, అలసంద వేయుడని కార్వరుగారు పదేండ్లుగా చెప్పుచున్న మాట అప్పుడు చెవికెక్కెను. అయితే వేరుసెనగ విస్తారముగా పండినపిదప దానిని కొనువారెవరు? పండింపుమని చెప్పినవాడే ఈ ప్రశ్నకును ఉత్తరము చెప్పవలసినవాడయ్యెను. 1916లో వేరుసెనగను పండించు రీతియు, దానిని వండుటకు 105 విధములును గల పుస్తకమును ప్రకటించెను. అటుపిమ్మట ఆహారమును దాటి, గింజనుండి పాలు, నూనె, సబ్బు, ముఖమునకు పూయు లేపనములు, సిరా, కొయ్యకు పట్టించు రంగులు, తొక్కనుండి గోడలకు కొట్టు పలకలు, తీగనుండి కాగితము, ఇట్లు మున్నూఱు వస్తువుల జాబితా ఆయన పేర వెలసెను. చిలగడదుంపనుండి పిండి, గంజి, బంక, పాకము మొదలగునవి నూటికి పైబడినవి. అలబామాలోనే ఎంటర్‌ప్రైజు అను ఊరివారు, ప్రత్తిని విడిచి వేరుసెనగ వేసి ధనవంతులై, తమకు బుద్ధి చెప్పిన పురుగునకు 1919లో నడివీధిలో ఒక స్మారకచిహ్నమును నిలిపిరి. నేటికిని అది కలదు.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు జర్మనీనుండి కృత్రిమరంగులు అమెరికాకు వచ్చుట నిలిచెను. గోధుమలకు కఱవు పుట్టెను. కార్వరుగారు ఆకులు, బెరడులు, కాయలనుండి రంగులు తీసి చూపెను. టస్కీగీ భోజనశాలలో చిలగడదుంప పిండిని గోధుమపిండితో కలిపి రొట్టెలు కాల్చిరి. ప్రభుత్వమువారు 1918లో ఆయనను రాజధానికి పిలిపించి ఆ విధానమును చూచిరి. యుద్ధము ముగియగానే గోధుమలు చవుకయై ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయెను. కఱవులో వెదకినదానిని కలిమిలో మఱచుట అన్ని దేశములవారికిని అలవాటే.

1921లో దిగుమతి సుంకమును గూర్చి విచారించుచుండిన పార్లమెంటు సంఘము ఎదుట వేరుసెనగ రైతుల పక్షమున మాటలాడుటకు ఆయనను పంపిరి. పంపినవారు తెల్లవారు, అట్టి కాలమున నల్లవానిని తమ ప్రతినిధిగా పంపుట సామాన్యము కాదు. సంఘమువారు పది నిమిషములిచ్చిరి. ఒక సభ్యుడు జాతిని ఎత్తి పరిహాసమాడెను. ఆయన దానిని పట్టించుకొనక పెట్టెలోనుండి ఒక్కొక్క వస్తువును బయటికి తీయుచు పోయెను. పది నిమిషములు చాల పర్యాయములు పొడిగించిరి. కడపట సభ్యులు లేచి చప్పట్లు కొట్టిరి. ఆ దినమునుండి ఆయన దేశమంతటను ప్రసిద్ధుడయ్యెను.

ఇక్కడ నిజము చెప్పవలయును. వేరుసెనగ వెన్నను కనిపెట్టినవాడు కార్వరుగారని పలువురు నమ్ముదురు. అది సరి కాదు. ఆయనకు ముందే కెల్లాగు మొదలగువారు దానికి పేటెంటు పొందిరి. మున్నూఱు వస్తువులలో అనేకములు వంటకములే. తాను చేసిన విధానములను ఆయన క్రమముగా వ్రాసియుంచలేదు. కావున ఇతరులు వానిని తిరిగి చేసి పరీక్షించుట సాధ్యము కాలేదు. 1925 మొదలు 1927 వరకు మూడు పేటెంట్లు మాత్రము పొందెను. వానితో లాభము రాలేదు. ఆయన పేర స్థాపింపబడిన వ్యాపారసంఘము నిలువలేదు. వేరుసెనగనూనె మర్దనముతో పిల్లవాత మనబడు పోలియో రోగుల కాళ్లు బాగగునని 1933లో పత్రికలు వ్రాయగా వేలకొలది రోగులు ఆశతో వచ్చిరి. ఆ గుణము శాస్త్రరీత్యా ఋజువు కాలేదు. ఉద్యోగవ్యవహారములందును ఆయన సమర్థుడు కాడు. ఆయన పర్యవేక్షణలోని కోళ్లదొడ్డి లెక్కలు సరిగా లేవని 1904లో విచారణ జరిగి, బూకరు వాషింగ్టనుతో మనస్పర్ధలు కలిగి, రాజీనామా చేసెదనని పలుమాఱులు వ్రాసెను.

ఇవన్నియు తీసివేసినను ఆయన చిన్నవాడు కాడు. ఆయన గొప్పతనము జాబితాలో లేదు. కొని తెచ్చుకొనలేనివానికి, కొనకుండనే దొరకు వస్తువులెవ్వి యని అడుగుటలో నున్నది. ఆ ప్రశ్నను గొప్ప కర్మాగారములవారు అడుగుటకు చాల కాలము పట్టెను. 1930 తరువాత హెన్రీ ఫోర్డు, పొలములో పండు వస్తువులతోనే యంత్రశాలలకు కావలసినవానిని చేయవలెనని సోయాచిక్కుడును పరిశోధింపజేసి, 1941లో సోయా మొదలగు పైరులనుండి తీసిన పదార్థములతో చేసిన ప్లాస్టిక్కు రేకులు తొడిగిన మోటారుబండిని ప్రదర్శించెను. ఆయనకును కార్వరుగారికిని 1937లో స్నేహము కుదిరెను. ముసలివాడైన మిత్రుడు మెట్లెక్కలేడని ఫోర్డు టస్కీగీలో ఆయన బసకు ఎత్తుడుయంత్రమును పెట్టించెను. వేరుసెనగ మాంసకృత్తులనుండి ఉన్నివంటి నూలును తీసి స్కాట్లండులో 1951 మొదలు 1957 వరకు ఒక కర్మాగారమును నడిపిరి. అది కార్వరుగారు చూడలేదు. భూమినుండి త్రవ్వు నూనెయు లోహములును తరుగుచున్న ఈ కాలమున పొట్టు, ఊక, తీగల యందు వస్తువులను వెదకు పండితులు ఆయన పేరును తలచుచున్నారు.

మన దేశముతో ఆయనకు కొంత సంబంధము కలదు. దీనబంధు ఆండ్రూసుగారు 1929లో టస్కీగీని దర్శించినపుడు గాంధీగారి ఆహారపు ప్రయోగములను గూర్చి సంభాషణ జరిగెను. శాకాహారికి బలమునిచ్చు గింజల పాలు మొదలగువానిని గూర్చి కార్వరుగారు సలహాలు పంపెను. మఱియొక సంబంధము విచారకరమైనది. ఒక్క పంటను నమ్మవద్దని చెప్పుటకే ఆయన వేరుసెనగను చేతబట్టెను. మన అనంతపురము జిల్లాలో ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మెట్టపొలములు మిక్కిలిగా వేరుసెనగ క్రిందికే పోయి, కొఱ్ఱ, జొన్న, కంది వెనుకబడెను. వాన తప్పిన సంవత్సరమున అన్నియు ఒక్కసారి ఎండెను. అలబామాలో ప్రత్తి చేసిన పనిని ఇక్కడ వేరుసెనగ చేసెను. తప్పు గింజది కాదు.

కార్వరుగారు వివాహము చేసికొనలేదు. ఒకే పాత కోటును సంవత్సరములతరబడి ధరించి, దాని బొత్తాముకంతలో మాత్రము ప్రతిదినము క్రొత్తపూవును పెట్టుకొనెడివాడు. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచి అడవిలో ఒంటిగా నడచుచు ప్రార్థించుట ఆయన వాడుక. 1907 మొదలుకొని సుమారు ముప్పది సంవత్సరములు ఆదివారము సాయంకాలమున విద్యార్థులకు బైబిలు తరగతి నడపెను. హాజరు పట్టీ లేదు, గది నిండియుండెడిది. జీతము పెంచుమని అడుగలేదు. వచ్చిన చెక్కులను బల్లసొరుగులో పడవేసి మఱచుచుండెను. ఆయన ఆఖరు పుస్తకములలో ఒకటి 1942లో, రెండవ ప్రపంచయుద్ధపు కఱవు దినములలో వెలువడినది. గట్లమీద, కంచెల ప్రక్కన తమంతట మొలచు కూరమొక్కలను గుర్తించి వండుకొను విధము దానిలోని విషయము. మన పల్లెలలో అవ్వలు వర్షాకాలమున గంగవావిలికూర, పొన్నగంటికూర ఏఱి తెచ్చుటవంటిదే యిది.

1943 జనవరి 5వ తేదీన ఆయన టస్కీగీలో మరణించెను. బూకరు వాషింగ్టను సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి. కూడబెట్టిన ధనము 60,000 డాలర్లకు పైచిలుకు. అదంతయు యువశాస్త్రజ్ఞుల పరిశోధనకై తాను 1940లో నెలకొల్పిన నిధికి చెందెను. 1947లో ఆయన వస్తుప్రదర్శనశాల అంటుకొని ఆయన వ్రాసిన చిత్రములు చాలభాగము కాలిపోయెను.

ఆయన మరణించిన సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము డైమండు సమీపమున ఆయన పుట్టిన పొలమును జాతీయ స్మారకస్థలముగా ప్రకటించెను. నల్లజాతివాని పేర అట్టి గౌరవము జరుగుట అదే మొదలు. 700 డాలర్లకు కొనబడిన మేరీ నీళ్లు తెచ్చిన ఊట అచటనే ప్రవహించుచున్నది. ఆమె నూలు వడికిన రాట్నమును మోజెసు కార్వరు జార్జికి ఇచ్చియుండెను. టస్కీగీలోని తన గదిలో దానిని ఆయన కడవరకు భద్రముగా నుంచుకొనెను. ఆ తల్లిని ఎక్కడ పాతిపెట్టిరో మాత్రము ఎవరికిని తెలియదు.